ప్రయాణ బీమా: ప్రభుత్వ నిబంధనలు, ప్రయాణికుని హక్కులు

పండుగకు రెండు దినములు ముందుగా హైదరాబాదు నగరమునందలి అశోక్‌నగర్ వీథులలో సాయంకాలము నడచినవారికి ఒక దృశ్యము కనబడును. పోటీ పరీక్షలకు చదువుకొనుచున్న యువతీయువకులు భుజములకు సంచులు తగిలించుకొని వసతిగృహముల నుండి బయలుదేరుచుందురు. కొందరు బస్సు కొరకు ఆర్.టి.సి. చౌరస్తాకు పోవుదురు. కొందరు చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషనులవైపు నడచుదురు. మరికొందరు కాచిగూడ, సికింద్రాబాదు రైల్వే స్టేషనులకు ఆటోలలో వెళ్లుదురు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో చోటు కొరకు ఉదయముననే వచ్చి కూర్చుండువారు సైతము ఆనాడు ఇంటిదారి పట్టుదురు.

వీరిలో పెక్కుమంది మన గ్రామముల బిడ్డలే. బిడ్డ బయలుదేరినది మొదలు ఇల్లు చేరువరకు తల్లిదండ్రుల మనస్సు దారిమీదనే యుండును. ప్రమాదము జరుగవలెనని ఎవరును కోరరు. అయినను జరిగినచో ఆ కుటుంబమునకు చట్టము ఏమి ఇచ్చును? బీమా ఏమి ఇచ్చును? ఎవరిని, ఎన్ని దినములలోపల అడుగవలెను? ఈ సంగతులు ముందుగా తెలిసియుండనందున రావలసిన సొమ్ము రాక నష్టపోవుట సంభవించును. అందుచేత ప్రయాణ బీమాను గూర్చి ప్రభుత్వము చేసిన కట్టుబాట్లను మేము ఇందు వివరింపదలచితిమి.

రెండు వేర్వేరు హక్కులు

మొట్టమొదట గుర్తింపవలసిన విషయమొకటి కలదు. ప్రమాదమునకు గురియైన ప్రయాణికునకు రెండు విధములుగ సొమ్ము రావచ్చును. మొదటిది నష్టపరిహారము. ఇది చట్టము వలన వచ్చునది. దీనికొరకు ప్రయాణికుడు ప్రత్యేకముగ ఏ పాలసీయు కొనియుండ నక్కరలేదు. రెండవది బీమా. ఇది ఒప్పందము వలన వచ్చునది. ప్రయాణికుడు స్వయముగ కోరి, ప్రీమియము చెల్లించి, పాలసీ పొందినప్పుడే ఇది లభించును. ఒకటి పొందినంత మాత్రమున రెండవదానిని వదలుకొన నక్కరలేదు. ఈ భేదము తెలియక, ఒక సొమ్ము చేతికి రాగానే రెండవదానికి దరఖాస్తు పెట్టని కుటుంబము తనకు న్యాయముగ రావలసినదానిని పోగొట్టుకొనును.

బస్సు ప్రయాణము

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రహదారిపై నడచు ప్రతి వాహనమునకును ఇతరులకు కలుగు నష్టమును భరించు బీమా ఉండితీరవలెను. ప్రభుత్వ రవాణా సంస్థలు సొంతనిధి ఏర్పాటు చేసికొన్నచో వానికి ఈ బీమానుండి మినహాయింపు నిచ్చు అధికారము చట్టమున కలదు. కాని పరిహారము చెల్లించు బాధ్యతనుండి ఎవరికిని మినహాయింపు లేదు.

2022 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము, వాహనము నడిపినవాని తప్పును రుజువు చేయకుండగనే మరణమునకు 5 లక్షల రూపాయలు, తీవ్రమైన గాయమునకు రెండున్నర లక్షలు కోరవచ్చును. తప్పును రుజువు చేయగలిగినచో, మరణించిన వ్యక్తి వయస్సును, సంపాదనను బట్టి అంతకుమించిన మొత్తమును మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నిర్ణయించును. ఢీకొట్టిన వాహనము ఆచూకీ తెలియనప్పుడు సైతము మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేలు ఇచ్చు పథకము కలదు.

గ్రామవాసులు ముఖ్యముగ తెలిసికొనవలసినదేమన, ప్రమాదము ఎచ్చట జరిగినను, బాధితుని కుటుంబము తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దరఖాస్తు చేసికొనవచ్చును. నగరములో జరిగిన ప్రమాదమునకు నగరము చుట్టు తిరుగ నక్కరలేదు. దరఖాస్తునకు చట్టమున ఆరు నెలల గడువు వ్రాయబడియున్నది. ఆ గడువును దాటనీయకుండుట క్షేమము. ఏ మార్గమున కోరిన మేలో నిశ్చయించుకొనుటకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సలహా పొందవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆ సంస్థ ఉచితముగ న్యాయసహాయ మిచ్చును.

తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రిందను, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకము క్రిందను స్త్రీలు ఛార్జీ లేకుండ బస్సులలో ప్రయాణము చేయుచున్నారు. ఛార్జీ చెల్లించలేదు గనుక పరిహారము రాదేమోనని సందేహపడ నక్కరలేదు. నిర్లక్ష్యముగ నడిపిన వాహనము వలన గాయపడిన వ్యక్తికి పరిహారము కోరు హక్కు టికెట్టు వెలపై ఆధారపడియుండదు. అయినను కండక్టరు ఇచ్చు సున్నా టికెట్టును గమ్యము చేరువరకు జాగ్రత్తపరచవలెను. ఆ బస్సులో ఆ సమయమున ప్రయాణము చేసినట్లు అది సాక్ష్యము.

రైలు ప్రయాణము

రైలు ప్రమాదములో మరణించిన ప్రయాణికుని కుటుంబమునకు 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము పరిహారము చెల్లింపబడును. ఈ మొత్తము 2017 జనవరి 1వ తేదీ నుండి 4 లక్షలనుండి 8 లక్షలకు పెంపబడినది. రైళ్లు ఢీకొనినప్పుడు, పట్టాలు తప్పినప్పుడు మాత్రమే కాక, కదలుచున్న రైలునుండి ప్రమాదవశమున జారిపడినప్పుడును ఇది వర్తించును. ఇచ్చట రైల్వేల తప్పును రుజువు చేయవలసిన పనిలేదు. ఆత్మహత్య, మత్తులో చేసిన పని, వ్యాధి వలన కలిగిన మరణము మొదలగువానికి ఈ పరిహారము రాదు. సికింద్రాబాదునందు రైల్వే క్లెయిముల ట్రిబ్యునలు బెంచి కలదు. ప్రమాదము జరిగిన ఒక సంవత్సరము లోపల దరఖాస్తు చేయవలెను.

రైలు విషయమున టికెట్టు ఉండుట ముఖ్యము. ప్రమాదములో టికెట్టు పోయినచో కుటుంబము నిరాశపడ నక్కరలేదు. టికెట్టు దొరకలేదను ఒక్క కారణముచేత క్లెయిమును త్రోసిపుచ్చరాదని 2018 సంవత్సరమున సుప్రీంకోర్టు రీనాదేవి వ్యాజ్యములో తీర్పు చెప్పినది. ప్రయాణికుడు టికెట్టు కొనియుండెనని కుటుంబమువారు ప్రమాణపత్రము దాఖలు చేయవచ్చును.

ఇది చట్టము ఇచ్చు పరిహారము. దీనికి తోడుగ, 2016 సెప్టెంబరు నుండి ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా ఇ-టికెట్టు కొనువారికి ఐచ్ఛిక ప్రయాణ బీమా ఏర్పాటైనది. ప్రీమియము పలుమార్లు మారినను మనిషికి ఒక రూపాయి లోపలనే ఉన్నది. ఈ బీమా వలన మరణమునకుగాని, శాశ్వత సంపూర్ణ అంగవైకల్యమునకుగాని 10 లక్షలు, పాక్షిక వైకల్యమునకు ఏడున్నర లక్షలవరకు, ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షలవరకు, మృతదేహమును ఇంటికి చేర్చుటకు 10 వేల రూపాయలు లభించును. బెర్తు ఖాయమైనవారికి, ఆర్.ఎ.సి.లో నున్నవారికి మాత్రమే ఇది వర్తించును. స్టేషను కౌంటరు వద్ద కొన్న టికెట్టునకుగాని, జనరలు టికెట్టునకుగాని ఈ బీమా లేదు. వారికి పైన చెప్పిన 8 లక్షల పరిహారపు హక్కు మాత్రము ఉండనే యుండును.

ఒక ఫోను, నలుగురు ప్రయాణికులు

ఇచ్చట ఒక చిన్న లోపము పెద్ద చిక్కునకు దారితీయును. ఒక ఉదాహరణ తీసికొందము. అశోక్‌నగర్‌లో ఒక గదిలో నలుగురు మిత్రులు అద్దెకుండిరనుకొందము. పరీక్ష వ్రాయుటకు నలుగురును విశాఖపట్టణము పోవలెను. వారిలో ఒకడు తన ఖాతాతో, తన ఫోను నంబరు ఇచ్చి నలుగురికి టికెట్లు కొనెను. బీమా కావలెనని గుర్తుపెట్టెను. మనిషికి కొన్ని పైసలు చెల్లించెను. అంతటితో పని ముగిసినదని నలుగురును తలచిరి.

నిజమునకు పని సగమే అయినది. టికెట్టు కొన్న వెనుక బీమా కంపెనీ ఒక సందేశమును పంపును. అందలి లంకెను తెరచి ప్రతి ప్రయాణికునకును నామినీ పేరు నమోదు చేయవలెను. ఆ సందేశము వచ్చునది టికెట్టు కొన్నవాని ఫోనునకే. అతడు దానిని ప్రకటన అనుకొని తీసివేసినచో, మిగిలిన ముగ్గురి ఇండ్లలో ఆ బీమా సంగతి ఎవరికిని తెలియదు. ప్రమాదము జరిగి, ఆ ఫోను సైతము నాశనమైనచో, పాలసీ యున్నదను జాడయే కుటుంబములకు దొరకదు.

నామినీ పేరు లేనంత మాత్రమున సొమ్ము పోదు. అది చట్టబద్ధులైన వారసులకు చెందును. కాని వారసత్వమును రుజువు చేయు పత్రములు తెచ్చుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. దుఃఖములో నున్న తల్లికి ఆ శ్రమ కలుగకుండ చేయుటకు రెండు నిమిషముల పని చాలును. కావున టికెట్టు కొన్నవాడు నలుగురి నామినీ పేర్లను అడిగి నమోదు చేయవలెను. అవివాహితులు తల్లి పేరుగాని తండ్రి పేరుగాని వ్రాయించుకొనవలెను. టికెట్టు చిత్రమును, పాలసీ సంఖ్యను ఇంటివారి ఫోనునకు పంపవలెను. ఖాతాలోని బుకింగు చరిత్రలో ఆ సంఖ్య కనబడును. క్లెయిము వివరములను ప్రమాదము జరిగిన నాలుగు నెలలలోపల బీమా కంపెనీకి వ్రాతమూలకముగ అందజేయవలెను.

నియంత్రణ సంస్థ మన నగరముననే కలదు

బీమా వ్యాపారమును అదుపుచేయు ప్రధాన శాసనము 1938 నాటి బీమా చట్టము. 1973 జనవరి 1వ తేదీన ప్రభుత్వము సాధారణ బీమా వ్యాపారమును జాతీయము చేసి, అప్పటి 107 కంపెనీలను నాలుగు ప్రభుత్వ కంపెనీలుగ కలిపినది. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఆర్.ఎన్. మల్హోత్రా అధ్యక్షతన 1993లో ఏర్పడిన సంఘము బీమా రంగములో ప్రైవేటు కంపెనీలకు తావిచ్చి, వానిపై స్వతంత్ర నియంత్రణ సంస్థను నెలకొల్పవలెనని సిఫారసు చేసెను. ఆ మేరకు 1999లో శాసనము వచ్చెను. 2000 ఏప్రిల్‌లో బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ ఏర్పడెను.

ఈ సంస్థ 2001లో ఢిల్లీనుండి హైదరాబాదునకు తరలివచ్చెను. పెక్కేండ్లు అది బషీర్‌బాగ్‌లోని పరిశ్రమ భవనమున పనిచేసినది. నారాయణగూడ నుండి అచ్చటికి నడచిపోవచ్చును. ఇప్పుడు ఆ సంస్థ నానక్‌రామ్‌గూడ ప్రాంతమునందలి తన భవనములో నున్నది. దేశమందలి బీమా కంపెనీలన్నింటి నడవడిని పరిశీలించు కార్యాలయము మన నగరములో నుండుట మనకు గర్వకారణము.

2015 నాటి సవరణ ప్రకారము ప్రయాణ బీమా చట్టములో ఆరోగ్య బీమా వర్గములో చేరినది. ఈ సంస్థ వద్ద నమోదు కాని ఏ కంపెనీయు బీమా అమ్మరాదు. పాలసీ పత్రముపై కంపెనీ నమోదు సంఖ్యయు, ఫిర్యాదు చేయవలసిన చిరునామాయు ఉండవలెను. అవి లేని కాగితమును ఎవరైన బీమా పత్రమని ఇచ్చినచో సొమ్ము చెల్లింపరాదు. ప్రమాదపు వార్త ఆలస్యముగ తెలిపినారను ఒక్క కారణముచేత న్యాయమైన క్లెయిమును త్రోసివేయరాదని ఈ సంస్థ 2011లోనే కంపెనీలను ఆదేశించినది. ఈ ఆదేశమును ఆశ్రయించి ఎవరును ఆలస్యము చేయరాదు గాని, అనివార్యముగ ఆలస్యమైనవారు దీనిని కంపెనీకి గుర్తుచేయవచ్చును.

అడుగకయే అంటగట్టు బీమా

బీమా మంచిదే. కాని అది కొనువాని ఇష్టమునుబట్టి యుండవలెను. టికెట్లు అమ్ము కొన్ని సైట్లు, ఫోను ఆప్‌లు ప్రయాణికుడు కోరకుండగనే బీమా గడిలో ముందుగ గుర్తు పెట్టియుంచెడివి. గమనింపనివారు టికెట్టు ధరతోపాటు ప్రీమియమును కూడ చెల్లించెడివారు. బీమా కొనినట్లు తెలియనివాడు క్లెయిము అడుగడు. అందుచేత 2019లో నియంత్రణ సంస్థ ఈ పద్ధతిని నిషేధించినది. బీమా కావలెనను గుర్తును ప్రయాణికుడే స్వయముగ పెట్టవలెను.

2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మోసపూరితమైన అమ్మకపు ఎత్తులను గూర్చి మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. కోరని వస్తువును బుట్టలో చేర్చుట వానిలో నొకటి. కొననివానిని సిగ్గుపడునట్లు చేయుట మరియొకటి. ఈ రెండవదానికి ఆ సూత్రములలో ఇచ్చిన ఉదాహరణ విమానపు టికెట్టు బీమాకు సంబంధించినదే. బీమా వద్దను ప్రయాణికునిచేత రక్షణ లేకయే పోయెదనని ఒప్పించు మాటలు వాడరాదని దాని భావము. కనుక సొమ్ము చెల్లించుటకు ముందు మొత్తము ఏయే పద్దులతో కూడియున్నదో చదివి చూడవలెను. బీమా కొన్నచో పాలసీ పత్రమును అడిగి తీసికొనవలెను.

సముద్రములు దాటి వెళ్లువారు

కరీంనగర్, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండియు, కోనసీమ, కడప ప్రాంతములనుండియు వేలమంది గల్ఫు దేశములకు కూలిపనికి వెళ్లుచున్నారు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని కార్మికులు ఈ దేశములకు పోవుటకు ముందు ప్రభుత్వ అనుమతి పొందవలెను. అట్టివారందరికి ప్రవాసి భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో ఆరంభమైన ఈ పథకములో రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు ప్రీమియము. పన్ను దీనికి అదనము. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగ వైకల్యము పొందినను 10 లక్షల రూపాయలు లభించును. యజమాని మారినను పాలసీ చెల్లును.

ఈ రక్షణ ఎవరికి దక్కదో కూడ తెలిసికొనవలెను. పర్యాటక వీసాపై వెళ్లి అచ్చట పనిలో చేరువారికి వలస అనుమతి ఉండదు, దానితోపాటు వచ్చు ఈ బీమాయు ఉండదు. ఏజెంటు కొన్ని వేలు మిగులునని చెప్పి చూపు ఈ అడ్డదారి కార్మికుని కుటుంబమునకు 10 లక్షల నష్టము కలిగింపవచ్చును. లైసెన్సు గల ఏజెంట్ల పేర్లు ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ సైటులో కలవు. మరియొక సంగతి. ఈ బీమాలో 10 లక్షలు ప్రమాద మరణమునకే గాని గుండెపోటు మొదలగు సహజ మరణమునకు రావు. తెలంగాణ ప్రభుత్వము గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల సహాయమును 2024లో మంజూరు చేసినది. ఆ కుటుంబములు దీనిని కూడ అడిగి పొందవలెను.

అశోక్‌నగర్, చిక్కడపల్లి ఇండ్లనుండియు, మన గ్రామములనుండియు తల్లిదండ్రులు బిడ్డలను చూచుటకు అమెరికా, ఐరోపా దేశములకు పోవుట ఇప్పుడు సామాన్యమైనది. ఐరోపాలోని షెంజెన్ దేశముల వీసాకు కనీసము 30 వేల యూరోల వైద్య బీమా ఉండితీరవలెను. అమెరికాకు పర్యాటకులుగ వెళ్లువారికి అట్టి నిర్బంధము లేదు. కాని అచ్చటి ఆసుపత్రి ఖర్చులు తెలిసినవారు బీమా లేకుండ వెళ్లరు. పాలసీ కొనునపుడు మధుమేహము, రక్తపోటు మొదలగు పాత జబ్బులను దాచరాదు. బీమా ఒప్పందము నమ్మకముపై నిలచునది. దాచిన జబ్బు తరువాత బయటపడినచో క్లెయిము నిలువదు. పాత జబ్బునకు రక్షణ కలదా లేదా, కలదేని ఎంతవరకని పాలసీలో చదివి తెలిసికొనవలెను.

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆఫ్రికా మొదలగు దేశములకు పోవువారికి పచ్చజ్వరపు టీకా వేయుదురు. ఆ ధ్రువపత్రము టీకా వేసిన పది దినములకు గాని చెల్లదు. విమానమెక్కు దినమున టీకా కొరకు పరుగెత్తినవానికి ప్రయోజనముండదు. ప్రయాణ బీమాయు అట్టిదే. బయలుదేరుటకు ముందే కొని, చదివి, దాని నకలు ఇంటివద్ద ఉంచి వెళ్లవలెను.

న్యాయము జరుగనిచో

కంపెనీ క్లెయిమును త్రోసివేసినచో ఊరుకొనరాదు. మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాసి, రసీదు ఉంచుకొనవలెను. నియంత్రణ సంస్థ నడుపు బీమా భరోసా వేదికలోగాని, 155255 నంబరునకు ఫోను చేసిగాని ఫిర్యాదు నమోదు చేయవచ్చును. నియంత్రణ సంస్థ తానుగ తీర్పు చెప్పదు. ఫిర్యాదును కంపెనీకి పంపి, దాని పరిష్కారమును కనిపెట్టియుండును.

తీర్పు కోరువారు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవలెను. రెండు తెలుగు రాష్ట్రములకు ఈ కార్యాలయము హైదరాబాదులో కలదు. కంపెనీ ఒక నెలలోపల జవాబివ్వకున్నను, ఇచ్చిన జవాబు తృప్తికరముగ లేకున్నను అచ్చటికి దరఖాస్తు పంపవచ్చును. కంపెనీ నిరాకరించిన ఒక సంవత్సరములోపల పంపవలెను. రుసుము లేదు. వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయలవరకు తీర్పు చెప్పు అధికారము అంబుడ్స్‌మన్‌కు కలదు. తీర్పు ఫిర్యాదుదారునకు సమ్మతము కానిచో వినియోగదారుల కమిషనునుగాని, న్యాయస్థానమునుగాని ఆశ్రయించు మార్గము తెరచియే యుండును.

ముగింపు

ప్రభుత్వము చట్టములు చేసినది, నియంత్రణ సంస్థను నిలిపినది, ఫిర్యాదునకు త్రోవలు చూపినది. అయినను పాలసీయున్నదని ఇంటిలో ఎవరికిని తెలియనిచో ఈ ఏర్పాట్లేవియు ఆ ఇంటికి పనికిరావు. కావున గ్రామములందలి తల్లిదండ్రులకు మేము చేయు మనవి యిది. నగరమునుండి బిడ్డ బయలుదేరునపుడు ఏ బస్సు, ఏ రైలు అని ఎట్లును అడుగుదురు. ఆ మాటతోపాటు మరి రెండు ప్రశ్నలు కూడ అడుగవలెను. టికెట్టు ఎవరి ఫోనుతో కొన్నారు? నామినీగ ఎవరి పేరు వ్రాసినారు? ఆ రెండు జవాబులను ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో ఉంచుకొనవలెను. బిడ్డ క్షేమముగ ఇల్లు చేరిననాడు ఆ కాగితమును చింపివేయవచ్చును.